డబ్బా కొనే ముందు: రోజూ తెరిచేది ఏది, ఏడాదికోసారి తెరిచేది ఏది?



ఈసారి జీవామృతం గురించో కషాయాల గురించో కాదు, డబ్బాల గురించి రాస్తున్నాను. వీడియోలో మా కొట్టం గోడకు వేలాడుతున్న నూనె క్యాన్లు చూసి "ఇదేంది అన్నా, కిరాణం దుకాణం పెట్టినవా?" అని చాలామంది అడిగారు. ఆ క్యాన్లు కొట్టంలోకి, సీసాలు ఇంట్లో సందుగలోకి ఎందుకు వచ్చాయో చెప్పాలంటే ముందు నేను పోగొట్టుకున్న పెసర విత్తనం సంగతి చెప్పాలి.

మాది కరీంనగర్ జిల్లా గంగాధర మండలం. నాలుగెకరాలు. రెండెకరాల పత్తిలో కంది, పెసర సాళ్లు వేస్తాను. ఆ పెసర బజార్లో కొన్నది కాదు. మా పెద్దవ్వను ఆదిలాబాద్ జిల్లా బోథ్ దిక్కు ఇచ్చారు. వాళ్లింట్లో ఎప్పటినుంచో వస్తున్న నాటు పెసర అది. గింజ చిన్నది, మెరుపు లేదు, మార్కెట్లో సేటు చూస్తే ముఖం తిప్పుకుంటాడు. కానీ పప్పు వండితే వీధి చివరికి వాసన వస్తుంది, పంటకు పెట్టుబడి ఏమీ అడగదు. ఆరేళ్ల కింద పెద్దవ్వ దోసెడు గింజలు కొంగున కట్టి ఇచ్చింది. "అమ్ముకోకు బిడ్డా, ఎవలన్న అడిగితే ఇయ్యి" అన్నది. ఆ దోసెడుని పెంచుకుంటూ పెంచుకుంటూ ఆరు కిలోల విత్తనం దాకా తెచ్చాను.

ముందటేడు సెప్టెంబర్‌లో కోసి, ఎండబెట్టి, ఆ ఆరు కిలోలు గుడ్డ సంచిలో పోసి, యాభై లీటర్ల నీలం డ్రమ్ములో పెట్టాను. కొత్త డ్రమ్ము, మర మూత, గట్టిది. ఎలుక పోదు, నీళ్లు పోవు. ఇంకేం కావాలి అనుకున్నాను. అదే డ్రమ్ములో తినే పెసలు కూడా ఇంకో సంచిలో పెట్టాం. చోటు మస్తు ఉంది కదా అని.

మిర్గం రోజు వాన పడింది. విత్తనం తీద్దామని మూత తిప్పితే లోపలి నుంచి వేడి ఆవిరి, పిండి వాసన. సంచి లేపితే దూదిలా లేచింది. గింజ గింజకూ గుండ్రటి తూటు, సంచి నిండా గోధుమ రంగు చిన్న పురుగులు. ఆరు కిలోల సంచి మూడు కిలోలు కూడా తూగలేదు. చేటలో పోసి అమ్మ సగం పూట చెరిగింది. మొలక చూద్దామని నూరు గింజలు తడిగుడ్డలో కడితే పదకొండు మొలిచాయి.

పక్క చేను బావ వచ్చి చూసి, "గోలీ ఏస్తే అయిపోవు కదరా" అన్నాడు. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు. అది పురుగునే కాదు, ఆ గదిలో పడుకున్న మనిషిని కూడా చంపే ఫాస్ఫీన్ గాలి వదులుతుంది. మనం చేను మీద మందు మానేసి ఇంట్లో పిల్లల పక్కన అది పెట్టుకోవడం ఎక్కడి న్యాయం? ఆ మాట పక్కన పెడదాం.

నాకు అర్థం కానిది ఒక్కటే. డ్రమ్ము మంచిది, మూత మంచిది, గింజ ఎండింది. మరి తప్పు ఎక్కడ?

పురుగు లెక్క

పప్పుజాతి గింజల్లో ఈ పుచ్చు పురుగు ఎక్కువగా బయటి నుంచి డ్రమ్ములోకి రాదు. చేను మీద కాయ పండేటప్పుడే గుడ్డు పెడుతుంది, మన కల్లంతో పాటే ఇంటికొస్తుంది. గింజ మీద తెల్లటి సున్నపు చుక్కలా అంటుకుని ఉంటుంది గుడ్డు, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కనబడుతుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోయి లోపల తిని, పెద్ద పురుగై తూటు పెట్టి బయటికి వస్తుంది. వేడి రోజుల్లో ఈ చక్రమంతా ఇంచుమించు నెల. బయటికొచ్చిన పురుగు తిండి కూడా తినదు, పది పన్నెండు రోజులు బతికి ఎనభై, నూరు గుడ్లు పెట్టి చస్తుంది.

కాగితం మీద లెక్క వేశాను. ఒక జంట, ఎనభై గుడ్లు. అందులో నలభై ఆడవి. వాటికి తలా ఎనభై అంటే 3,200. అందులో సగం ఆడవి, మళ్లీ తలా ఎనభై. అన్నీ బతికితే మూడో తరానికే 1,28,000. మా నాటు పెసర వెయ్యి గింజలు 30 గ్రాములు తూగుతాయి, అంటే ఆరు కిలోల్లో గింజలే రెండు లక్షలు. సెప్టెంబర్ నుంచి జూన్ దాకా తొమ్మిది నెలలు. చలికాలం కొంచెం నిదానిస్తుందనుకున్నా, మొత్తం తినడానికి ఒక్క జంట చాలు.

అయితే ఆ పురుగుకు గాలి కావాలి. ఇక్కడే నా తప్పు ఉంది. యాభై లీటర్ల డ్రమ్ములో విత్తనం, తిండి గింజలు కలిపి పావు వంతు కూడా లేవు, మిగిలిందంతా గాలి. అది చాలదన్నట్టు వారానికోసారి వంటకు పెసలు కావాలని మూత తీశాం. తీసినప్పుడల్లా పురుగుకు కొత్త గాలి. డ్రమ్ము చెడ్డది కాదు. ఏడాదికోసారి తెరవాల్సిన దాన్ని, వారానికోసారి తెరిచే దాన్ని ఒక్క డబ్బాలో పెట్టిన నేను తెలివి తక్కువోణ్ని.

దీనికి ఉల్టా తప్పు కూడా అదే ఎండాకాలం చేశాను. డ్రిప్పు సామాను, అంటే పదహారు ఎంఎం జాయినర్లు, టేకాఫ్‌లు, గ్రోమెట్లు, ఎండ్ క్యాపులు, డమ్మీలు, చేతిపంపు నాజిళ్లు, వాషర్లు అన్నీ ఒక లోతు డ్రమ్ములో వేసి మూత పెట్టాను. మేలో కూరగాయల మడిలో ఒక పైపు ఊడింది. ఎండాకాలం మా బావి గంట కంటే ఎక్కువ పోయదు. జాయినర్ కోసం డ్రమ్ములో చెయ్యి పెడితే భుజం దాకా పోయింది కానీ దొరకలేదు. చివరికి డ్రమ్మునే బోర్లించాను. దొరికేసరికి బావి అడుగంటింది, నీళ్లన్నీ గట్టు కిందికి పోయాయి. పది రూపాయల ముక్క. ఆ రోజు నీళ్లు అందని టమాట సాలు మళ్లీ కోలుకోలేదు.

పాతర, గుమ్మి, గురిగి

విత్తనం అడగడానికి సిగ్గుపడుతూనే జూన్ రెండో వారం బోథ్ పోయాను. పెద్దవ్వ తిట్టలేదు. "డ్రమ్ముల పోస్తివా?" అని నవ్వి, పొయ్యి మీద ఉట్టి నుంచి ఒక గురిగి దించింది. మూతికి గుడ్డ, గుడ్డ మీద పేడ, మట్టి కలిపి మెత్తిన మూత. పగలగొడితే పైన నాలుగు వేళ్ల మందం బూడిద, కింద గింజల మధ్య కూడా బూడిదే. జల్లిస్తే పెసర మెరవకపోయినా గట్టిగా, కటుక్కుమనేలా ఉంది. తూటు పడ్డ గింజలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఎప్పుడు తెరిచినవ్?" అంటే, "ఇత్తనం నడుమల ఎందుకు తెరుస్తరు బిడ్డా" అన్నది. నాకు కావాల్సిన పాఠం అదే. మరి నెలనెలా వండుకునేది? అది వేరే, గుమ్మిలో. వెదురుతో అల్లి పేడ, మట్టి పూసిన గుమ్మికి కింద ఒక తూము, దానికి గుడ్డ కుక్కి ఉంటుంది. కావాల్సినప్పుడు గుడ్డ తీసి చేటలో పట్టుకుంటారు, పైమూత కదిలించరు. ముందు పోసింది ముందే బయటికొస్తుంది. ఉట్నూర్ దిక్కు గోండు ఇళ్లల్లో కూడా ఇట్లా వెదురుతో అల్లి మట్టి పూసిన పెద్ద గుమ్ములు చూశాను.

మా తాతల కాలంలో గంగాధర దిక్కు జొన్నకు పాతర ఉండేది. భూమిలో గుంత, అడుగున, చుట్టూ గడ్డి, పైన మట్టి కప్పేయడం. అవసరం పడ్డప్పుడు ఒకేసారి తెరిచేవాళ్లు. తెరిచిన వెంటనే దిగనిచ్చేవాళ్లు కాదు, లోపల చెడుగాలికి మనుషులు పోయిన సంగతులు ఊరూరా ఉన్నాయి. ఆ చెడుగాలే పురుగును కూడా చంపేది. ఏడాదికోసారి తెరిచేది పాతర, నెలనెలా తీసేది గుమ్మి, పొయ్యి పక్కన రోజూ చెయ్యి పెట్టేది చిన్న డబ్బా. ఇంటికి ఒక్క డ్రమ్ము వచ్చాక మనం ఈ మూడింటినీ కలిపేశాం.

గురిగి గురించి ఒక మాట. పెద్దవ్వ వాళ్లకు ఇంకా కుమ్మరి దగ్గర్లో ఉన్నాడు. ఆ పక్క సిరికొండ కుమ్మరులే కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వాళ్ల కుండలు చేసిచ్చేది. మా దిక్కు మంచి గురిగి దొరకడం కష్టమైంది. పైగా మట్టికుండ గాలి పీలుస్తుంది. పొయ్యి పొగ మీద వేలాడదీస్తేనే వానాకాలం తేమ పట్టకుండా ఉంటుంది. గ్యాస్ పొయ్యి మీద ఉట్టి కట్టి లాభం లేదు.

అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 1980ల చివర్లో ఆఫ్రికాలో, కామెరూన్ రైతుల అలసందల కోసం ఇదే పాతర పద్ధతిని సంచిలోకి తెచ్చారు. పిక్స్ సంచి అంటారు. లోపల రెండు మందపు పాలిథిన్ సంచులు, బయట మామూలు అల్లిక సంచి. మూడింటికీ మూతి మెలిపెట్టి విడివిడిగా కట్టేస్తారు. లోపల పురుగు ఉన్న కాస్త గాలి వాడుకుని ఆగిపోతుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఎండిన గింజలో పురుగుకు తాగడానికి నీళ్లుండవు, అది గాలిలోని ఆక్సిజన్‌తో తన ఒంట్లోనే నీళ్లు తయారు చేసుకుంటుంది. గాలి ఆగితే ఆ నీళ్లు ఆగిపోతాయి. అంటే ఊపిరాడకే కాదు, దాహంతో కూడా చస్తుందన్నమాట.

ఇప్పుడు నేను పెట్టుకున్నవి

నా విత్తనం క్వింటాళ్లలో లేదు, కిలోల్లో ఉంది. అందుకని పిక్స్ సంచి కూడా పెద్దదే. నేను రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు తీసుకున్నాను. కడిగి రెండు రోజులు బోర్లించి ఆరబెట్టాలి, చుక్క తడి ఉండొద్దు. ఒక్కో సీసాలో పెసర కిలోన్నర పైచిలుకు పడుతుంది. నేలకు తట్టుకుంటూ మెడ దాకా నింపాలి. సగం సీసా పెట్టడం అంటే నా డ్రమ్ము తప్పు మళ్లీ చేయడమే. గింజలు తక్కువైతే చిన్న సీసా వెతుక్కోండి గానీ పెద్ద దాంట్లో ఖాళీ వదలొద్దు. మూత బిగించి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి చుట్టాను. ఒక మడికి ఒక సీసా లెక్క. ఒకటి తెరిస్తే మిగతావి కదలవు.

పెన్నుతో పైన రాస్తే ఆరు నెలలకు చెరిగిపోతుంది. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో పేరు, ఎవరిచ్చారు, కోసిన నెల రాసి గింజలతో పాటే లోపల వేశాను, బయటికి కనబడేలా.

సీసాలను ఎలుక కొరుకుతుంది. అందుకని అవన్నీ మా అమ్మ పెళ్లినాటి ఇనుప సందుగలో నిలబెట్టాను. వెలుతురు కూడా తగలదు. సందుగ లేనివాళ్లు మూతున్న రేకు డ్రమ్ము వాడుకోవచ్చు. పురుగుమందు డబ్బాలు మాత్రం ఎన్నిసార్లు కడిగినా విత్తనానికి గానీ తిండికి గానీ వద్దు. ఆ మాట మళ్లీ చెప్పించుకోకండి.

గాలి ఆడని సీసాకు ఒకటే షరతు, గింజ పూర్తిగా ఎండాలి. తడి గింజకు మూత బిగిస్తే పురుగు చచ్చినా బూజు పట్టి మొలక పోతుంది. పప్పుగింజ విత్తనానికి తేమ 9 శాతం లోపు ఉండాలంటారు. మీటరు మన దగ్గర ఎక్కడిది? ఎండిన గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచా పొడి ఉప్పు వేసి బాగా ఊపి కాసేపు ఆపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే, మళ్లీ ఎండకు. అంటుకోకపోతే సరిపోయిందని కాదు, మరీ తడి లేదని మాత్రమే. ఆ తర్వాత పంటి పరీక్ష. మెత్తగా నలిగితే వద్దు, టప్పున పగిలితే సరే. విత్తనాన్ని మిట్టమధ్యాహ్నం బండ మీద మాడ్చకుండా పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ నాలుగైదు రోజులు ఇస్తున్నాను. హారింగ్టన్ అనే శాస్త్రవేత్త లెక్క ప్రకారం గింజలో తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ విత్తనం ఆయుష్షు రెట్టింపు అవుతుంది, 14 శాతం నుంచి 5 శాతం దాకా. డబ్బా మీద పెట్టే ఖర్చు కంటే ఎండలో పెట్టే నాలుగు రోజులకే విలువ ఎక్కువ.

అన్నట్టు, మన కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కలే దేశానికి కావాల్సిన హైబ్రిడ్ వరి విత్తనంలో పెద్ద భాగం పండుతుంది. ఆ విత్తనం చల్లటి గోదాముల్లో పడుకుంటుంది. మన ఇంటి విత్తనానికి కనీసం సీసా అయినా ఇవ్వాలి కదా.

తినే పెసలకు, కందులకు కిలోకు 5 మిల్లీలీటర్ల ఆముదమో వేపనూనో పట్టించవచ్చు. గింజ మీద పెట్టిన గుడ్డు బతకదు. తినేవాటికి ఆముదమే మేలు, వేప చేదు కడిగినా పోదు. ఇంకా మంచిది, కందుల్ని పప్పు చేసి పెట్టుకోవడం. పప్పు మీద ఈ పురుగుకు అంత ఆశ ఉండదు. పల్లీ మాత్రం కాయతోనే ఉంచండి. బీజామృతం పట్టించిన విత్తనం నిల్వకు పనికిరాదు, విత్తే రోజు పట్టించాల్సిందే. కూరగాయ విత్తనాలు గాజు సీసాల్లో, అడుగున వేయించి చల్లార్చిన బియ్యం చిన్న గుడ్డ మూటలో పెడుతున్నాను, మిగిలిన తేమ అది లాగేస్తుంది.

ఇక సామాను. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర హార్డ్‌వేర్ దుకాణాల్లో ముందు భాగం తెరిచి ఉండే ప్లాస్టిక్ బిన్నులు, సొరుగుల పెట్టెలు రెండూ చూశాను. సొరుగులు చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి, కానీ పేడ చేతితో రెండు నెలలు లాగితే ఇరుక్కుంటాయి. ముందు తెరిచి ఉండే బిన్ను పద్ధతి నచ్చింది, ధర నచ్చలేదు. ఇంటికొచ్చి ఐదు లీటర్ల నూనె క్యాన్లు పోగేశాను. పిడి వైపు వదిలేసి, దానికి ఎదురు వైపు పైనుంచి ఏటవాలుగా కోస్తే అదే బిన్ను. పిడిలోంచి టేకు కర్ర దూర్చి గోడకు వరుసగా వేలాడదీశాను. లోతు అరచెయ్యి మునిగేంత చాలు, అంతకంటే లోతుంటే అడుగున ఉన్నది కొనుక్కున్నట్టే మర్చిపోతాం. ఒక క్యాన్‌లో ఒకటే రకం. జాయినర్లు, టేకాఫ్‌లు గుమ్మం పక్కన, ఏడాదికోసారి వాడే వెంచురీ ముక్కలు చివర.

రెండు చిక్కులొచ్చాయి. తెరిచి ఉన్న జాయినర్ల తూట్లలో కుమ్మరి పురుగు మట్టి పెట్టేసింది. అది చూసుకోకుండా బిగిస్తే నీళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ క్యాన్‌కు పాత దోమతెర ముక్క కట్టాను. రెండోది, రబ్బరు గ్రోమెట్లు, వాషర్లు వెలుతురుకు పగుళ్లు పట్టాయి. అవి మాత్రం మూతున్న చిన్న రేకు డబ్బాలో, గ్రీజు, కిరోసిన్ తగలకుండా పెడుతున్నాను. జీవామృతం వడకట్టే గుడ్డలు, ఫిల్టర్ జాలీలు ఆరాకే లోపలికి తేవాలి, లేదంటే కొట్టమంతా వాసన.

బోథ్ నుంచి పెద్దవ్వ ఈసారి కిలోన్నర ఇచ్చింది. ఒకటే మడిలో వేశాను. సెప్టెంబర్‌లో వాన పట్టుకుని కొంత కాయ మొలకెత్తింది, అయినా నాలుగున్నర కిలోల విత్తనం మిగిలింది. మూడు సీసాలు నింపాను. మొన్న మిర్గానికి రెండే తెరిచాను. నూరు గింజలు తడిగుడ్డలో కడితే తొంభై మూడు మొలిచాయి. మూడో సీసా సందుగలోనే ఉంది, వానలు మోసం చేస్తే మళ్లీ విత్తడానికి. వినాయక చవితికి పోయినప్పుడు పెద్దవ్వకు చూపిద్దామనుకుంటున్నాను, కానీ తెరిచి కాదు.